బొటనవేళ్లు

తాంపెరేలో ఫిబ్రవరి.
నాలుగున్నర దాటితే కిటికీలో చీకటి.
పాత బట్టల మిల్లు మూడో అంతస్తులో నా ఎడిటింగ్ గది:
హీటర్ మీద ఆరేసిన చేతి తొడుగులు, చల్లారిన కాఫీ,
తెరమీద గడ్డకట్టిన సరస్సు.

ముప్పై ఏళ్ల పైచిలుకు కత్తిరించడమే నా పని.
ఏడుపుని ఎక్కడ ఆపేస్తే జనం ఏడుస్తారో తెలుసు.
తలుపు పూర్తిగా మూతపడకముందే
గది మార్చెయ్యాలని తెలుసు.
ఈ సినిమా మాత్రం నా కత్తెరకి లొంగడం లేదు.

కథ ఒక్క ముక్కలో అయిపోతుంది:
టపా సంచీ భుజాన వేసుకుని ఒకావిడ
మంచు సరస్సు దాటాలి.
అంతే.
"ఇంతేనా?" అన్నాడు నిర్మాత హెన్నింగ్,
ఆ వీడియో గేమ్ హక్కులు కొన్న మర్నాడు.
అప్పటినుంచీ ముగ్గురు రచయితలు
ఆవిడకి గతం కుడుతూనే ఉన్నారు:
చచ్చిపోయిన తమ్ముడు, తాగుబోతు మొగుడు,
సంచీ అడుగున విప్పని ఉత్తరం.
గేమ్ తయారుచేసిన ఓన్ని మూల కుర్చీలో కూచుని
అన్నిటికీ తలూపాడు.
ఒక్కసారి మాత్రం అడిగాడు,
"ఆవిడకి మొహం ఉండి తీరాలా?"
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

గేమ్‌లో ఆవిడ వీపే కనిపిస్తుందట.
సరే చూద్దామని, ఆ రాత్రి
కింద కాపలా కుర్రాడి దగ్గర కంట్రోలర్ అరువు తెచ్చుకున్నాను.
పీతని పట్టుకున్నట్టు పట్టుకున్నాను దాన్ని.
ఆరడుగులు వేశానో లేదో
పింగాణీ కప్పుకి బీట పడ్డట్టు
కాళ్లకింద సన్నటి చప్పుడు.
మునిగిపోయాను.
మునిగింది ఆవిడ కదా,
నా నోటికి అలాగే వచ్చింది.
మళ్లీ ఒడ్డు. మళ్లీ సంచీ.

ఇరవై రెండుసార్లు చచ్చాను తెల్లారేలోపు.
తొమ్మిదోసారి కోపం. పద్నాలుగోసారి నవ్వు.
పంతొమ్మిదోసారి అడుగు వెయ్యకుండా ఊరికే ఉంటే
ఆవిడ సంచీ దించి, తొడుగు తీసి,
వేళ్లమీద ఊదుకుంది.
ఊదుకోమని ఎవరూ చెప్పలేదు.
నేనేమీ చెయ్యకపోబట్టి జరిగిందది.
దాన్ని తీసుకెళ్లి ఎక్కడ అతికించను?

మా సినిమాలో ఇల్తా బాగా చేసింది. నిజంగా.
పడబోతుంది, పడదు. వయొలిన్లు లేస్తాయి.
టికెట్టు కొన్నవాడికి ముందే తెలుసు,
గంటా యాభై నిమిషాలదాకా ఆవిడకి చావు లేదని.
చావు లేనిచోట
మంచు ఎంత పల్చనైతేనేం?
ఇరవై మూడోసారి నేను అవతలి ఒడ్డు ఎక్కినప్పుడు
నా వెన్నులో ఆ ఇరవై రెండూ ఉన్నాయి.
అవి ఏ కెమెరా తియ్యలేదు.

శనివారం సాయంత్రం ఆటకి
నలభై మందిని పిలిచి చూపించారు.
నేను తెర చూడలేదు, వాళ్లని చూశాను.
నాలుగో వరసలో పదహారేళ్ల పిల్ల,
మోకాళ్లమీద చేతులు, చేతుల్లో ఏమీ లేదు.
మంచు కిర్రుమంది.
పిల్ల బొటనవేళ్లు కదిలాయి.
ఎడమవేలు వెనక్కి లాగుతోంది,
అటు కాదు, అటు కాదు, అని.
ఇల్తా వినలేదు.
ఎలా వింటుంది,
పోయిన మార్చిలోనే నడిచేసింది కదా.
కాసేపటికి ఆ వేళ్లు ఊరుకున్నాయి.
పిల్ల పాప్‌కార్న్ అందుకుంది.

సోమవారం వయొలిన్లు తీసేశాను.
పారేసిన షాట్లన్నీ వెతికితే దొరికింది:
కెమెరా ఆగిందనుకుని ఇల్తా
తొడుగు తీసి వేళ్లు ఊదుకుంటున్న ముక్క.
మంచు మధ్యలో పెట్టాను, పదకొండు సెకన్లు.
ఓన్ని నా వెనకే నిలబడి చూశాడు.
కోటు జేబుల్లోంచి చేతులు తియ్యలేదు,
మాట్లాడలేదు, వెళ్లనూ లేదు.

హెన్నింగ్ వచ్చి గడియారం చూసుకున్నాడు.
"ఔలిక్కీ, ఇక్కడ ఏమీ జరగడం లేదు."
"అవును," అన్నాను.
నాలుగు చాలన్నాడు.
ఏడు దగ్గర బేరం కుదిరింది.