గోరువెచ్చన

పర్లాకిమిడిలో సాయంత్రం నాలుగున్నరకి
నకుల గౌడొ కొట్లో కుండల మూతలు తీస్తారు.
ఎర్రగా మరిగిన పాలు, మాడీ మాడని పంచదార,
మట్టి పీల్చుకోగా మిగిలిన మీగడ:
మిఠా దొహి.
ఇరవై ఏళ్లు ఆ వాసనే నాకు గడియారం.
మీసాల మీది కొమ్ము దుమ్ము దులుపుకుని,
అరిగిన ఆకురాయి పక్కన పడేసి,
పావుకిలో దొన్నెలో
నిలబడే తినేసేవాణ్ణి.

బరంపురం డాక్టరమ్మ
మూడంకెల సంఖ్య రాసి చుట్టూ సున్నా చుట్టింది.
"పెరుగు తినొచ్చు. తీపి పెరుగు కాదు."
అన్నం తినొచ్చు, మెతుకులు ముట్టుకోకు
అన్నట్టు వినిపించింది నాకు.

బజార్లో గాజు తలుపుల ఫ్రిజ్జు కొత్తగా పెట్టారు.
ఒక డబ్బా మీద కొవ్వు లేదని రాసుంది, పరుగెత్తే అమ్మాయి బొమ్మ.
ఇంకో దాని మీద ఏ బొమ్మా లేదు.
అడుగున చీమ తలకాయంత అక్షరాలు,
నా కళ్లద్దాలు అక్కడిదాకా రావు.
రెండూ కొన్నాను. చెరో చెంచా తిని
మూతలు కిటికీ గట్టు మీద పెట్టాను.
తెల్లారేసరికి
పరుగెత్తే అమ్మాయి చుట్టూ బారులు బారులు.
రెండో మూత దగ్గర ఒక్కటి, దారి తప్పింది కాబోలు.
మా ఇంటి చీమలకి ఇంగ్లీషు బాగా వచ్చు.

ఆ రెండోదే రోజూ కొందామంటే
ధర రెండు దువ్వెనల కూలి.

సరే, ఇంట్లోనే.
మొదటి రాత్రి విరిగి నీళ్లయింది.
రెండో రాత్రి పాలు పాలుగానే నిద్రపోయాయి.
మూడో పూట చెంచా ఎత్తితే జిగురు తీగలా సాగింది.
"వేలెట్టి సూడు, గోరెచ్చగుండాల" అంది సన్యాసమ్మ పక్కగదిలోంచి.
పెట్టాను.
పాలు నాతో ఏమీ చెప్పలేదు.
ఇంకో వేలు పెట్టాను. అదీ మూగదే.

మొన్న నిప్పు మీద కొమ్ము కాచి వంచుతుంటే
బొబ్బ కంటికి కనిపించాకే కాలిందని తెలిసింది.
అప్పుడు నిప్పుని తిట్టాను.

ఆవిడకి చెప్పలేదు.
పనికొచ్చే కుర్రాడు బిపిన్ని వంటింట్లోకి పిలిచి
ఉప్పు చూడమన్నంత మామూలుగా
గిన్నె ముందుకి తోశాను.
వాడు చిటికెన వేలు ముంచి
కళ్లు మూసుకుని, కాసేపు ఆగి,
"ఉసుమొ, మాస్టారూ" అన్నాడు.
గోరువెచ్చనకి ఆ భాషలో గోరు లేదు.
అదీ మంచిదే అనిపించింది.

తోడు కోసం నకులుడి దగ్గరికే వెళ్లాను, సిగ్గు పడుతూనే.
"చిని లేనిది కావాలి, ఒక్క చెంచాడు."
అతను నవ్వలేదు. గల్లాపెట్టె వెనక్కి వంగి
తడి గోనెపట్టా కింద నుంచి
పిడికెడు కుండ ఒకటి తీశాడు.
"మోరొ" అన్నాడు. నాది.
పదకొండేళ్లుగా అతను తినేది అదేనట.
"మరి ఈ పెద్ద కుండల్లో తీపి సరిపోయిందని నీకెలా తెలుస్తుంది?"
"రంగు చూస్తాను. కొనేవాడి మొహం చూస్తాను."
డబ్బులు తీసుకోలేదు.

ఇప్పుడు రాత్రి తోడు పెట్టి పొద్దున తొందరపడను.
పులుపు ఎక్కేకొద్దీ పాలలోని తీపిని కొంత అదే తినేస్తుందని
నకులుడు చెప్పాడు.
పాత పంచె గుడ్డలో మూటకట్టి చిలక్కొయ్యకి తగిలిస్తాను.
లేతాకుపచ్చ నీళ్లు చుక్కచుక్కగా కరివేపాకు కుండీలోకి.
వేయించిన జీలకర్ర, కీరదోస ముక్కలు,
ఉప్పు ఉన్నట్టా లేనట్టా.
బాగుంటుందని అబద్ధం చెప్పను.
మొదటి ముద్దకి మొహం చిట్లుతుంది,
నాలుగో ముద్దకి ఆకలి గుర్తొస్తుంది.

నిన్న బిపిన్ వేలు గిన్నెలో ఉండగా
సన్యాసమ్మ లోపలికొచ్చింది.
వాడి వేలు చూసింది. నా వేళ్లు చూసింది.
బొబ్బ మానిన చోట ఎక్కువసేపు చూసింది.
ఏడుస్తుందేమో అనుకున్నాను.
"రేపట్నుంచి నా ఏలు సాలు" అంది,
"ఆ గుంటడి గోళ్లలో అంతా కొమ్ము దుమ్మే."