అంచు రంగు

రెడ్‌హిల్స్‌లో వాన. కరెంటు రెండుసార్లు పోయింది.
తహసీన్ రాత్రంతా ల్యాబ్‌లోనే,
ఫ్రిజ్ మోటారు చప్పుడుకి చెవి ఒగ్గి.

లోపల తడి డబ్బాలో గాజుపలక,
దానిమీద ఎవరిదో కిడ్నీ, వెంట్రుకకన్నా పలచని పొర.
పైన ఒక్క చుక్క యాంటీబాడీ:
వేల గడపలు తడుముకుంటూ పోయి
తనకు తెలిసిన గడప దగ్గరే ఆగే
గుడ్డి చుట్టం.

పొద్దున రంగు వేశాం.
కణాల కడుపులు ఖాళీ. కొవ్వంతా ఎప్పుడో
స్పిరిట్‌లో కరిగిపోయింది.
అంచులు మాత్రం
చాయ్ ఆరిపోయిన కప్పులో మరకలా
గోధుమరంగు తేలాయి, ఒక్కటీ తప్పకుండా.

"దొరికింది!" అన్నాను, సంతోషంగానే.

తహసీన్ చీటీ చూస్తోంది.
నంబరు పక్కన వయసు: ముప్పై నాలుగు.
"కంట్రోల్ పలక ఇంకోసారి చూడరాదూ" అంది.

అప్పటికే చూశాను.
మళ్ళీ చూశాను.