మూడో మెట్టు

పట్టాల పండుగకు ముందురోజు
పట్టాలు అందుకునేటోళ్లు ఎవ్వరుండరు.
హనుమకొండ ఎండల నుంచి
ఖాళీ కుర్చీల ఆడిటోరియంలకు మేమే వస్తం:
పరీక్షల విభాగం, తోటపని, కరెంటు, క్యాంటీన్.
ఆదివారమైనా
"ఎవరొస్తరు?" అని సర్క్యులర్ అడిగితే
పేరు రాసిచ్చిన ఇరవై ముగ్గురం.

ఓదెలు పొడుగుంటడని
వాణ్ణి ముఖ్య అతిథిని చేసినం.
మెడల రోజూ ఉండే ఎర్ర తువ్వాల,
చేతిల పాత పేపరు కుక్కిన నీలం ఫోల్డరు.
పట్టా తీసుకునేటోళ్లు గూడ కావాలె గదా.
"బుచ్చమ్మా, చీపురు పక్కకు వెట్టి జర రా" అన్న.

మైకు నాది.
ఎడమ దిక్కు నుంచి ఎక్కుడు,
దండం పెట్టుడు, ఫోల్డరు అందుకునుడు,
కెమెరా దిక్కు జూసి రెండు లెక్కవెట్టుడు,
కుడి దిక్కు నుంచి దిగుడు.
దిగంగనే అదే ఫోల్డరు మళ్ల ఓదెలు చేతికి.

"ఇప్పుడు నేనెవర్ని సారూ?"
"నుస్రత్ జహాన్‌వి. ఉర్దూ, స్వర్ణపతకం."
"మంచిది" అని కొంగు తలమీదికి గుంజుకున్నది.
"ఇప్పుడు?"
"గట్టు శ్రీవిద్యవు, గణితం."
వేళ్లు లెక్కవెట్టుకుంట ఎక్కింది.
"ఇప్పుడో?"
"ఈసం నర్మదవు. తాడ్వాయి. చెట్ల చదువు."
"చెట్లా! ఆ ఆకులన్నీ నేనూడ్చినయేనాయె."
ఓదెలు నవ్వలే.
ముఖ్య అతిథులు నవ్వరని
ఎవరో చెప్పినట్టున్నరు వానికి.

నలభై ఒక్కసారి ఎక్కింది, దిగింది.
మూడో మెట్టు కదులుతున్నదని
అందరికన్న ముందు ఆమె మోకాలు చెప్పింది.
వడ్లాయన ఫోనెత్తలే.
ఓదెలు నా చేతిల లిస్టు గుంజుకొని
నాలుగు మడతలు వెట్టి, మళ్ల నాలుగు వెట్టి
మెట్టు కింద దోపిండు.
"పేర్లు మంచిగ ఆపినయి సారూ" అన్నడు.
నా దగ్గర ఇంకో కాపీ ఉండె, అది వేరే సంగతి.

తెల్లారి
కొత్తవాడ జంపఖానా మీద కొత్త చెప్పులు.
గౌన్లు భుజాల మీద నిలవకుంటె
నోట్ల నాలుగు పిన్నీసులు వట్టుకొని
లైబ్రరీ విమల మేడం ఉరుకుతున్నది.
పాసు లేక గేటుకాడ ఆగిన పరకాల తండ్రికి
క్యాంటీన్ యూసుఫ్ తన వాలంటీరు బ్యాడ్జి విప్పి తగిలిచ్చి
తాను బయటనే నిలవడ్డడు.
అసలు ముఖ్య అతిథి వచ్చిండు,
ఓదెలు కన్న జానెడు పొట్టి.

బుచ్చమ్మ డ్యూటీ మూడో మెట్టు.
చెయ్యి చాపి నిలవడుడు,
"మెల్లగ బిడ్డా, మెల్లగ" అనుడు.
నుస్రత్ ఆ చెయ్యి వట్టుకున్నది.
గట్టు శ్రీవిద్య చూడనే లేదు.
గౌను కింద అడుగు కనవడదు,
అడుగు పక్కన చెయ్యి అసలే కనవడదు.

"ఈసం నర్మద."
ఎవ్వరు లేవలే.
మళ్ల చదివిన.
వెనుక గోడకు తగిలి నా గొంతు నా దగ్గరికే వచ్చింది.
వాగు పొంగిందో, బస్సు దొరకలేదో,
ఏ కొలువుల సెలవియ్యలేదో.
ముందు వరుస వాచీలు చూసుకున్నది.

అప్పుడు జూసిన,
బుచ్చమ్మ కుడికాలు మెట్టెక్కి ఉన్నది.
నిన్న ఆ పేరుకు అలవాటు వడ్డ కాలు.
తెర సాటు నుంచి ఓదెలు కండ్లతోనే వద్దన్నడు.
దించింది.
కుచ్చిళ్లు సర్దుకొని, వంగి,
లేని దుమ్మును కొంగుతోటి తుడిచింది.
నేను తర్వాతి పేరు చదివిన.

పొద్దుమూకి కుర్చీలు మడుస్తుంటె
మెట్టు కింది కాయితం గుంజి తెచ్చింది.
అంతమంది తొక్కితె అట్ట లెక్క బిగిసింది.
"గా పిల్ల పట్టా ఏమైతది సారూ?"
"పోస్టుల వంపుతం."
"అడ్రసు మంచిగ రాయుండ్రి.
నిన్న దాని బదులు దండం పెట్టి తీసుకున్న.
ఓదెలే సాచ్చెం.
మాట పోవద్దు."