ఉప్పు పొట్లం

వేసంగిలోనే ఏరి పెట్టాను
పోతుతాడి కింద రాలిన పూగెలలు,
అటక మీద, ఎలకలు ముట్టని రేకు డబ్బాలో.
"ఏటే ఈ సెత్తంతా?" అన్నాడు అసిరినాయుడు.
దీపావళికింకా ఆర్నెల్లు.
అప్పటికి మిల్లు నడుస్తూనే ఉంది.

ఇప్పుడు కూత లేదు.
నెల్లిమర్లలో పొద్దెంతైందో
రైళ్ళను బట్టి తెలుసుకుంటున్నాం.
గేటుకి అంటించిన నోటీసు
తడిసి, ఎండి, అక్షరాలు రాలిపోయింది.
తాళం మాత్రం కొత్తగానే ఉంది.

గోగు నార మిల్లుకి, పుల్ల మాకు.
ఏటా అదే పంపకం.
ఈ ఏడు నార ఎటు పోయిందో గాని
గుర్ల నుంచి మా అత్త పంపిన పుల్లల మోపు
బస్సు టాపు మీద దిగింది,
తెల్లగా, తేలిగ్గా, కొంగ ఎముకల్లా.
"దివిటీలకా?" అనడిగి
కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టలేదట.

పెరట్లో మూరెడు గొయ్యి.
గెలలు అంటుకుని, ఎర్రబడి,
బూడిద పట్టకముందే తడి గోనె కప్పాలి.
తొందరపడితే కట్టె. ఆలస్యమైతే బూడిద.
ఆ రెండిటి మధ్య కాసేపు మాత్రమే బొగ్గు.
మా అమ్మ ఆ కాసేపును వాసనతో పట్టేది.
నేను ఫోనులో టైము చూసుకుంటూ
రెండు విడతలు పాడుచేశాను.

రోట్లో దంచాం. లోహిత్‌గాడి మూతి నల్లబడింది.
పాత చీర కొంగుతో జల్లించాం.
నౌపడా గళ్ళుప్పు రెండు గుప్పిళ్ళు.
"ఉప్పెందుకమ్మా?"
"మాటాడ్డానికి. ఉప్పు లేకపోతే మూగ పొట్లం."

గుడ్డ కావాలి, బాగా అరిగిన నేత గుడ్డ.
ఆయన తన పెళ్ళి పంచె తెచ్చి చేతిలో పెట్టి
బీడీకని బయటికెళ్ళాడు.
జరీ అంచు విప్పి దాచి
మిగతాది చింపాను.

వానాకాలం యూరియా సంచీలకు టోపీలు కుట్టి
సైనికుల కోట్లన్నాను.
కేలండరు వెనక తెల్లదనాన్ని డ్రాయింగు పుస్తకం అన్నాను.
పాలు ముప్పావు నుంచి అర లీటరైతే
టీకి ఏలకు గింజ వేసి రాజుగారి టీ అన్నాను.
లోహిత్‌గాడు నమ్ముతాడు.

పైడిశ్రీకి తొమ్మిదేళ్ళు.
నిన్న మొయిద జంక్షన్లో బాణసంచా పందిరి ముందు ఆగింది.
చిచ్చుబుడ్డి బొమ్మ మీద వేలు పెట్టి
కాలినట్టు తీసేసింది.
"నాకొద్దులేమ్మా. ఆటి పొగ నాకు పడదు."

అంత అబద్ధం అంత నున్నగా ఎప్పుడు నేర్చింది?
సబ్బుముక్క పొదుపు చెయ్యమన్నాను, నూనె చూసి వాడమన్నాను.
ఆశని కూడా మిగల్చమని
నేనెప్పుడు చెప్పానే తల్లీ?

ఇంటికొచ్చి మెంతుల డబ్బా బోర్లించాను.
గ్యాసుకని దాచిన నోట్లు, మెంతుల వాసనతో.
మళ్ళీ జంక్షను దాకా నడిచాను,
ఒక్క పెట్టె కాకరపువ్వొత్తుల కోసం.

చీకటి పడ్డాక
తాటికమ్మ చీలికల మధ్య పొట్లం ఇరికించి, తాడు కట్టి,
కొసన నిప్పు రాజేసి
అసిరినాయుడు తిప్పాడు.
ముందు పొగ.
ఎదురింటి కాంతమ్మ "బట్టలారేసినాం, సూడండి" అని కేక.
తర్వాత చిటపటలు,
తర్వాత ఆయన చుట్టూ రవ్వలు, రవ్వలు,
మోకాళ్ళ దాకా రాలి ఆరిపోతూ.
మధ్యలో ఆయన కాళ్ళు ఎడంగా పెట్టి
మగ్గం ముందు నైట్ షిఫ్టులో నిలబడ్డట్టు నిలబడి
చాన్నాళ్ళకి చెమట పట్టి.

కాకరపువ్వొత్తుల పెట్టె పైడిశ్రీకిచ్చాను.
విప్పింది. లెక్కపెట్టింది. పది.
తమ్ముడికి రెండు, తనకి రెండు.
మిగతావి మూసి, నాగులచవితికని,
బియ్యం డబ్బా వెనక్కి తోసింది.
సరిగ్గా నేను దాచే చోటికే.

"అన్నీ కాల్చెయ్యవే ఈ రాత్రికి," అన్నాను.

నాకేసి ఓ చూపు చూసింది,
దుబారా మనిషిని చూసినట్టు.