గొణుక్కునే హక్కు

జెనోవాలో దిగేసరికి వాన.
మూడున్నర రోజులకు తీసుకున్న గది
ఏడో అంతస్తులో. లిఫ్టు లేదు.
కొండకు మాత్రం ఉందట లిఫ్టు,
టికెట్టు కొంటే ఊరి నెత్తి మీద దింపుతుందట.
"మెట్లు మనుషులకి, లిఫ్టు కొండకి"
అంది ఇంటావిడ ఎర్మీనియా,
నా వగర్పు తగ్గేదాకా తాళంచెవి ఇవ్వకుండా.

సందులు ఎంత ఇరుకంటే
రెండు గొడుగులు ఎదురుపడితే
ఒకటి ముడుచుకోవాలి.
ఏది ముందన్నదానికి చట్టం లేదు,
చూపు ఉంది.
రెండుసార్లూ నేనే ముడుచుకున్నాను.
తల ఎత్తితే ఆకాశం లంగానాడా అంత.
దాన్ని నమ్ముకునే ఉతుకుతారు, ఆరేస్తారు.

మర్నాడు కిటికీ తీస్తే
కింద కప్పులన్నీ నల్లటి పలకరాయి,
చిన్నప్పుడు ఉమ్మితో తుడిచి
దెబ్బలు తిన్న పలక, అదే రాయి.
ఇంత పలక పరిచి
ఎవరూ అక్షరాభ్యాసం చేయించలేదు.
పావురాలు ఏదో దిద్దుతున్నాయి,
వాన చెరిపేస్తోంది.
వాటి అవతల రేవు.

నూనె ఓడే ఉప్పు రొట్టెను
పాలకాఫీలో ముంచుకు తింటున్నవాళ్లను చూసి
మొహం తిప్పుకున్నాను.
(మూడో రోజు నేనూ ముంచాను.
ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.)

సాయంత్రాలు పాతరేవు బెంచీ మీద
ఐదో అంతస్తు బచీచ.
ఎనభై మూడేళ్లు.
కుడిభుజం ఎడమదానికంటే
అరచెయ్యి ఎత్తు.
అతన్ని కనిపెట్టుకుని ఉండే
ఈక్వడార్ అమ్మాయి యెసేనియా
అతని మాటల్ని సగం చేసి నాకిచ్చేది,
మిగతా సగం నవ్వేసేది.

"ఏమేం మోశారు?"
"ఏం మొయ్యలేదో అడుగు.
కాఫీ గింజలు, పచ్చితోళ్లు,
పాము దాక్కున్న అరటిగెల,
ఒక చర్చి గంట.
ఒకసారి పియానో, ఒక్కణ్ణే."
కాసేపు సముద్రం చూశాడు.
"అబద్ధం. నలుగురం."

తర్వాత ఇనుపడబ్బాలొచ్చాయి.
ఇప్పుడు ఓడలో ఏమొచ్చిందో
ఊళ్లో ఏ ముక్కుకూ తెలియదు, అన్నాడు.
వెనకటికి ఇతను వీధి మలుపులో ఉండగానే
ఇవాళ లవంగమా, ఉప్పుచేపా అని
పెళ్లాం చెప్పేసేదట.

"మమ్మల్ని కమల్లు అనేవారు."
కమల్లు.
మా భాషలో చివర 'లు' ఉంటే పదిమంది.
ఇక్కడ ఒక్కడే,
భుజం మాత్రం పదిమందిది.
మరి మీ దగ్గర ఏమంటారన్నాడు.
హమాలీ, అన్నాను.
ఆ ముసలి చెవి ఒక్కసారి నిక్కింది.
మళ్లీ అను. హమాలీ.
మళ్లీ.
ఏ అరబ్బు రేవులోనో
ఒకే మూట విప్పి
చెరో గుప్పెడూ పట్టుకుపోయినట్టున్నాం.
ఎవరూ కూలి ఇచ్చి ఉండరు.

అప్పుడు చెప్పాడు,
వెనకటి ఓడల్లో రెండు జీతాలుండేవట.
నోరు మూసుకుంటే ఎక్కువ,
గొణుక్కునే హక్కు కావాలంటే తక్కువ.
"మావాళ్లు ఎప్పుడూ తక్కువదే తీసుకున్నారు,"
అని ఆ తక్కువ గురించి
పావుగంట గొణిగాడు.
వానమీద, మేయరుమీద,
యెసేనియా కాచే చారులో ఉప్పుమీద.
ఆ అమ్మాయి స్పానిష్‌లో ఎదురు గొణిగింది.

"నువ్వు ఏ జీతం?" అన్నాడు నన్ను.

ఇరవై రెండేళ్లు.
పండక్కి బోనసు, ప్రతి మార్చికీ పెంపు,
గదిలో ఏసీ,
సంతకం పెట్టమన్న చోట సంతకం.
చారు రుచి అడిగి మాట మార్చాను.
యెసేనియా అది అనువదించలేదు.

నాలుగో రోజు పొద్దున
పెట్టె ఈడ్చుకుంటూ దిగుతున్నాను,
మెట్టు మెట్టుకీ చక్రం ఎగిరిపడుతోంది.
ఐదో అంతస్తు తలుపు తెరుచుకుంది.
వద్దువద్దంటున్నా
లుంగచుట్టుకుపోయిన ఆ మనిషి
పెట్టె పిడి పట్టి, ఒక్క జానెడు లేపి,
దించేశాడు.
బరువంతా ఒక పక్కకే సర్దావన్నాడు,
ఇలా సర్దినవాణ్ణి రేవులోకే రానివ్వమన్నాడు.

మిగతా నాలుగు అంతస్తులూ
గట్టిగా, తెలుగులో,
మెట్లను, చక్రాన్ని, వానను,
ఆ తర్వాత పేరు పేరునా మా ఆఫీసును
తిట్టుకుంటూ దిగాను.

పైనుంచి ఎర్మీనియా గొంతు
ఏదో అడిగింది.
బచీచ ఏదో చెప్పాడు.
ఇద్దరూ నవ్వలేదు.
వాన మళ్లీ మొదలైంది.
సందు చివర
ఈసారి అవతలి గొడుగు ముడుచుకుంది.