మినిట్స్‌లో లేనివి

నేను గుమాస్తాని.
బ్రిన్‌కోయిడ్ కౌన్సిల్ సమావేశాల్లో
ఎవరేమన్నారో రాస్తాను, ఎలా అన్నారో రాయను.
గొంతు పెరిగితే ‘చర్చ జరిగింది’ అంటాను,
బల్ల గుద్దితే ‘సుదీర్ఘంగా చర్చ జరిగింది’ అంటాను.
పదిహేడేళ్ళుగా ఇదే నా వ్యాకరణం.

ఆ మంగళవారం వాన.
వేల్స్ లోయల్లో వాన గురించి రాయడం కాగితం దండగ.
మెయినిర్ ప్రొథెరో ఆలస్యంగా వచ్చింది.
కోటు విప్పకుండానే జేబులోంచి దర్జీ టేపు తీసి
బల్ల మీద పరిచింది.
"బెత్తెడు మీద ఓ వేలు.
చాపెల్ వీధిలో పేవ్‌మెంటు ఎత్తు.
మనకది ఒక్క అడుగు.
టెగ్వెన్‌కి ఊరు అక్కడితో సరి."

నేను రాసింది:
అంశం ఆరు. పేవ్‌మెంటు అంచు తగ్గింపు. వాయిదా.

రాయనిది:
నిరుడు ఒక అంచు తగ్గించారు, టెగ్వెన్ ఇంటి ముందు.
రిబ్బను కట్టారు. పత్రికవాళ్ళు ఫొటో తీశారు.
చక్రాల కుర్చీ జర్రున రోడ్డు మీదికి దిగింది.
చప్పట్లు.
అవతలి అంచు సంగతి ఎవరికీ గుర్తులేదు.
వెనకా ముందూ వాన్లు హారన్లు కొడుతుంటే
రోడ్డు నడిమధ్య నిలబడి
(తప్పు రాశాను, కూర్చుని)
"వీధిలోకైతే తెచ్చావు మెయినిర్,
ఊళ్ళోకి ఎప్పుడు?" అందామె.
ఆ ఫొటోలో మెయినిర్ నవ్వుతూ ఉంటుంది.
దాన్ని కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకుంది,
పాలు తీసినప్పుడల్లా
కాల్లో ముల్లు కలుక్కుమనాలని.

గ్విలిమ్ సంగతీ రాయలేదు.
బొగ్గు తిన్నంత ఊపిరి తినగా, చక్కెర వచ్చి చూపు తింది.
చూపు లేని మనిషికి ప్రభుత్వం పంపింది
నలభై పేజీల దరఖాస్తు, చీమతలకాయంత అక్షరాల్లో.
వంటింట్లో ఆమె చదువుతోంది, ఆయన చెబుతున్నాడు.
"ఎన్ని గజాలు నడవగలరు?"
"ఎటువైపు? పబ్బుకా, ఆసుపత్రికా?"
"సాయం లేకుండా వంట చేసుకోగలరా?"
"కళ్ళున్నప్పుడూ చేతకాలేదు. అప్పుడెవరూ అడగలేదు."
ఇద్దరూ పడీపడీ నవ్వారు.
"స్నానానికి ఎవరి సాయం కావాలి?"
నవ్వు అక్కడ ఆగిపోయింది.
కెటిల్ కూసింది. ఎవరూ లేవలేదు.
చాలాసేపటికి ఆమె కుర్చీ కిటికీ వైపు జరిపిన చప్పుడు.
"నేను చూడట్లేదు. చెప్పు."
చూపులేనివాడితో ఆ మాట ఎందుకందో
నాకు వెంటనే తట్టలేదు.

ఇవన్నీ నీకెలా తెలుసంటారేమో.
గ్విలిమ్ మా నాన్న.
పక్క గదిలో నేనున్నాను, ఉద్యోగపు చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ.
ఆ ప్రశ్న నేనూ అడగాల్సిందే. ఆరేళ్ళుగా
సబ్బు గట్టు మీద పెట్టి తలుపు దగ్గరకు వేసి వస్తున్నాను.

మే నెలలో ఎన్నికలు.
మెయినిర్ పదకొండు ఓట్లతో ఓడిపోయింది.
మర్నాడు పొద్దున్న యథాప్రకారం వచ్చి
మా నాన్నకి ఉత్తరాలు చదివిపెట్టి వెళ్ళింది.
ఆమె సీట్లో కొత్తగా వచ్చిన కుర్రాడు మంచివాడే,
అంశం ఆరు అంటే ఏమిటని అడిగాడు.
సభ ముగిశాక బల్లలు సర్దుతుంటే
సొరుగులో దొరికింది దర్జీ టేపు,
పాము కుబుసంలా చుట్టుకుని.

ఇచ్చేద్దామనే బయల్దేరాను.
చాపెల్ వీధి మలుపులో కాళ్ళు ఆగాయి.
అవతలి అంచు దగ్గర, తుంపరలో, మోకాళ్ళ మీద కూర్చున్నాను.
ఇస్త్రీ ప్యాంటు, బురద.
తడి రాతి మీద టేపు నిలవడం లేదు,
ఎంత అదిమినా జారిపోతోంది.
ఎదుటి గుమ్మంలోంచి చక్రాల చప్పుడు.
టెగ్వెన్ రోడ్డు మధ్యదాకా వచ్చి ఆగింది,
ఆమెకున్నది అంతవరకే.
చెయ్యి చాపింది.
టేపు కోసమనుకున్నాను.

"ఆ పుస్తకం ఇటివ్వు," అంది.
"నువ్వు కొలువు. ఈసారి నేను రాస్తాను."