ఇతర పాత్రలు

అప్పుడు చదవలేదు, ఒట్టు.
బి.ఏ. రెండో ఏడు. నాలుగు రూపాయల గైడు.
ఏడువందల పేజీల నవల
పదకొండు పేజీల్లో పరీక్ష గట్టెక్కించింది.
"అసలు పుస్తకం ముట్టుకున్నదెవరు?"
ఫ్లారెన్స్ సుగుణమ్మ టీచరు అడిగితే
నలభై రెండు జతల కళ్ళు ఫ్యాను వైపు చూశాయి.

ఇప్పుడు ఎడమ కంట్లో కొత్త లెన్సు,
రిటైర్‌మెంటుకి ఇంకా పద్నాలుగు నెలలు.
మా వీధి అద్దె లైబ్రరీ మూసేస్తుంటే
తూకానికి పోయే దొంతరలో
అదే నవల, అసలుది, అట్ట ఊడిపోయి.
"కిలో తక్కువే, ఇరవై ఇవ్వక్కా" అన్నాడు ఏకాంబరం.

ఎనిమిది పన్నెండు లోకల్.
పెరంబూరులో ఎక్కితే మూడు స్టేషన్లు.
మొదటి రోజు మూడు స్టేషన్లకీ ఒకటే వాక్యం.
చేంతాడంత వాక్యాలు! అని విసుక్కున్నాను.
కామా దగ్గర వ్యాసర్పాడి,
సెమికోలన్ దగ్గర బేసిన్ బ్రిడ్జి,
సిగ్నల్ పడక బండి ఆగినట్టు ఆగి,
ఒక పెళ్ళినీ ఒక కోర్టు దావానీ
మూడు చలికాలాల్నీ దాటుకుంటూ పోయి
ఉన్నట్టుండి
బొక్కెన నీళ్ళకి తగిలింది.
తాడు పొడుగు కాదు,
బావి లోతు.

కత్తిరి ఎండల్లో వాళ్ళింట్లో చలిమంట.
కొంగుతో విసురుకుంటూ నేనూ ఓ పక్కన కూర్చున్నాను.
ఊరంతా పొగమంచు అని రెండు పేజీలు;
కొడుంగైయూరు చెత్తకుప్ప పొగ
కిటికీలోంచి వచ్చి బొమ్మ వేసిపెట్టింది.

ఆదివారం, వీలునామా చదివే ఘట్టం.
ప్లీడరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు,
మెట్రో వాటర్ లారీ హారన్ కొట్టింది.
"అక్కా, కొడం!" కింద నుంచి అంజలై కేక.
నేను ఆరు బిందెలూ పట్టి వచ్చేదాకా
ఆ బంధువులంతా నల్లబట్టల్లో
దగ్గు కూడా ఆపుకుని నిలబడ్డారు.
మర్యాదస్తులు.

గైడులో కథానాయికకి పది మార్కులు.
ఆమె మేనత్త "ఇతర పాత్రలు" కింద ఒకటిన్నర లైను:
పెళ్ళి కాని ముసలిది, నస మనిషి.
ముసలిదా?
పుస్తకంలో ఆమెకి యాభై ఒకటి.
మరి నేను?
ఆమె పంచదార డబ్బాకి తాళం వేస్తుంది, నిజమే.
రాత్రి అందరూ పడుకున్నాక
నలిగిపోయిన ఒక పాత ఉత్తరాన్ని
గుడ్డ కింద పెట్టి ఇస్త్రీ చేస్తుంది.
ఆ ఇస్త్రీ సంగతి గైడు చెప్పలేదు.
సుగుణమ్మ టీచరుకి తెలిసే ఉంటుంది.
ఆవిడా చేసుకోలేదు.

ఇప్పుడు కథానాయిక ఎవర్ని ప్రేమిస్తే నాకేం?
మేనత్త ఎప్పుడొస్తుందా అని పేజీలు తిప్పుతున్నాను.

ఐదువందల తొంభయ్యో పేజీ.
అందరి అప్పులూ తీరాలి, కథ ఒడ్డున పడాలి.
ఎవరో బాబాయి పోయాడు,
"మద్రాసులో, విషజ్వరంతో."
అంతే. ఆస్తి వచ్చింది, చర్చి గంటలు మోగాయి.

బండి బేసిన్ బ్రిడ్జి దగ్గర ఆగి ఉంది.
కింద కాలవ నల్లగా, కదలకుండా.
ఎవరి నీలిమందు, ఎవరి ఉప్పు, ఎవరి నడుము
ఆ డబ్బు,
ముందు పేజీలోనూ లేదు, వెనక పేజీలోనూ లేదు.
మా ఊరికి ఒకటిన్నర లైను కూడా రాలేదు.

రెండు రోజులు పుస్తకం సంచీలోంచి తీయలేదు.
టిఫిన్ డబ్బా కింద బరువుగా ఉండిపోయింది.
మూడో రోజు తీశాను.
కోపం పోయి కాదు.
మేనత్త ఏమైందో తెలియాలి కదా.

చివరి స్టేషను మూర్ మార్కెట్ కాంప్లెక్స్.
ఇక్కడే పాత పుస్తకాల అంగళ్ళుండేవి,
నా గైడు ఇక్కడే కొన్నాను,
అవన్నీ తగలబడిపోక ముందు.
జనం దిగిపోయారు.
ఇంకా పేజీన్నర ఉంది,
ఆమె ఉత్తరం మడత విప్పుతోంది.
ఊడ్చే మనిషి చీపురుతో వచ్చి
కాళ్ళు ఎత్తమంది.

ఎత్తాను.